మొదటి వలలో వచ్చిన సీసాలు

ఎల్లాజీ నాయనా,

ఈ కాగితాలు రైల్లో వస్తున్న మన వెంకీ నీ చేతికిచ్చేటప్పటికి నువ్వు బోటు దిగి, కాళ్లింకా కెరటం మీదున్నట్టే ఊగుతూ ఆ గుజరాతు వేరావల్ రేవులో నిలబడి ఉంటావు. దిగగానే జేబులో ఫోను తీస్తావు. తియ్యొద్దు. ఫోను చేస్తే ఏమైందో ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. ఎలా అయిందో మాత్రం ఎవరూ చెప్పరు. అది నీ తోడబుట్టిన అప్పగా నేనే చెప్పాలి. నీ అల్లుడు ఈశ్వర్‌ని కూడా పక్కన కూర్చోబెట్టుకో. ఒకే బోటు మీదున్నారు గనక ఇద్దరికీ ఒక్క ఉత్తరమే.

నేనిది రాసే వేళకి నీ కూతురు ఉష ఊపిరితో ఉంది. మాట్లాడుతోంది. ఆ తరవాతది నాకు తెలియదు.

ఈ పొద్దు రోజూలాగే తెల్లారింది. కోడి మాత్రం కుయ్యలేదు. పేటలో కోళ్లన్నీ తిత్లీ తుఫానుకి పోయాయి. లేచి మొహం కడుక్కుని గంగమ్మ గుడి ఊడ్చాను. తుఫాను వెళ్లి ఇన్నాళ్లయినా ఆ ఇసక తరగడం లేదు. పైరేకు ఎగిరిపోయింది కదా, అమ్మ నెత్తి మీద ఇప్పుడు ఆకాశమే. గాలికి దీపం నిలవకపోతే కొబ్బరిచిప్ప అడ్డం పెట్టి దండం పెట్టుకున్నాను. ఇంటికొచ్చేసరికి ఉష గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని గంజి తాగుతోంది. పట్టీలు విప్పి పక్కన పెట్టుకుంది.

"పట్టీలు తీసేసినావేటే?" అన్నాను.

"పట్టట్లేదు పెద్దత్తా. కాళ్లు లావెక్కిపోనాయి. రెండ్రోజుల్నించీ తల కూడా దిమ్ముగున్నాది."

"లోపల గుంటడు కుదురుగా ఉండనిస్తాడేటి" అని నవ్వాను. ఎనిమిదో నెలలో కాళ్లకి నీరు దిగడం మామూలే అనుకున్నాను. రోడ్డు తెగిన దగ్గర్నుంచీ నర్సమ్మ మన పేటకి రాలేకపోయింది. అమ్మ దగ్గర పెట్టిన దారం తెచ్చి ఉష చేతికి కట్టాను. నాకు తెలిసిన వైద్యం అంతే.

అప్పుడే ఒడ్డు నుంచి కేకలు. తుఫాను తరవాత, నాకు తమ్ముడి వరసయ్యే మన సోములు మొదటిసారి పెద్దవల వేశాడు. ఒడ్డునుంచి లాగే వల కదా, మగా ఆడా అందరూ చెయ్యి వేశారు. తీరా వల ఒడ్డుకొస్తే చేపలు రెండు గంపలకి కూడా లేవు. వాటి మధ్యన మంచంత తెల్ల థర్మోకోలు పెట్టె. ఏ ఓడ మీంచి పడిందో. సోములు కత్తితో కోసి చూస్తే లోపల గూళ్లలో గుడ్లు పెట్టినట్టు నల్లటి సీసాలు. ఒక్కటీ పగల్లేదు.

అసిరయ్య సంగతి నీకు తెలుసు. పెళ్లాం పిల్లలు లేని మనిషి, పడవే ఇల్లు. "ఒరే సోములూ, తల్లి సేపలియ్యనేదు గాని మందు పంపినాదిరా. మన ఒళ్లునొప్పులు ఆవిడికి తెలీవేటి!" అన్నాడు. తుఫాను తరవాత పేట నవ్వడం అదే మొదలు.

నీకు చెప్పక్కర్లేదు, ఈశ్వర్ వాళ్ల ఊళ్లో ఈ పద్ధతి లేదు గనక అతనికి చెప్పు. తుఫాను తరవాత మొదటి వలలో ఏదొస్తే అది ముందు అమ్మకి పెట్టాలి. తరవాత పేటలో పెద్ద ఆడది తన చేత్తో అందరికీ తలా కాస్తా పంచాలి. చేప అయితే చేప, పీత అయితే పీత. ఎవరూ వద్దనకూడదు. వద్దంటే అమ్మ ఇచ్చిందాన్ని తోసినట్టు. ఇప్పుడు ఆ పెద్ద ఆడదాన్ని నేనే. ఈసారి సీసా వచ్చింది. అది ఏమిటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సోములు మూత తిప్పితే చిటపటమని తెగింది. అమ్మ ముందు సాక పోశాను. ఇసక మీద ఎర్రగా పడింది. "సారా తెల్లగుంటాది గదా, ఇదేటి నెత్తురులాగ?" అన్నాడు అసిరయ్య. ఉష సీసా అందుకుని మీద అంటించిన కాగితం చదివింది. నువ్వు చదివించిన చదువు అక్కరకొచ్చిందని నాకు గర్వంగానే అనిపించింది.

"ఇది ద్రాక్షసారా తాతా. వైను. ఆస్ట్రేలియాది."

"ఆస్ట్రేలియా ఎక్కడున్నాదే?"

"మన సముద్రంలో తిన్నగా కిందికి పోయి, పోయి, ఆ దేశం అడుగుదాకా దిగితే ఒక కొస ఉన్నాది. మూడు పక్కలా సముద్రమే. ఆ సముద్రం సల్లగుంటాదంట. పొద్దున్నే నీళ్ల మీంచి మంచు లేచి తోటల మీదకొస్తాదంట. ఆ సలికి కాయ నిదానంగా పండతాదని రాసినారు."

"సలికి కాయ పుల్లగుంటాది. అమ్ముడుపోక సారా సేసీసినారు, మన జీడిపళ్లలాగ" అని అసిరయ్య తేల్చాడు. అందరూ మళ్లీ నవ్వారు.

నేను చెంచాతో పంచడం మొదలుపెట్టాను. దగ్గరగా ఉన్నది ఉషే. చెయ్యి చాపింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. "నాకొద్దేమో పెద్దత్తా. కడుపుతో ఉన్నాను గదా" అంది.

"అమ్మ ఇచ్చింది ఒద్దనకూడదే" అన్నాను.

నాయనా, ఈ మాట రాయడానికే ఈ ఉత్తరం. నీ కూతురు వద్దంది. నేను పోశాను. అది కళ్లు మూసుకుని తాగి, "ఒగరుగున్నాది" అని మొహం చిట్లించింది. నేనూ ఒక చెంచా తాగాను. పేటంతా తాగింది. మిగిలిన సీసాలు ఎప్పట్లాగే వలకి, పడవకి, మనిషికి అని వాటాలు వేసుకున్నారు. అమ్మ ముందు పోసిన సీసా సగం మిగిలితే గుడిలోనే ఉంచాను.

పొద్దు నడినెత్తికి రాకముందే అసిరయ్య పడవ పక్కన పడిపోయాడు. ఒళ్లంతా చెమట. వాంతి. చేతులు గాల్లో తడుముతున్నాడు. "సీకటైపోనాదే. ఎవులూ అవుపించట్లేదే" అంటున్నాడు. కల్తీ సారా తాగి కళ్లు పోయినవాళ్ల కథలు వినని మత్స్యకారుడు ఎవడుంటాడు? ముందు కళ్లే పోతాయి. తరవాత మనిషి. తాగిన మగాళ్లందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు గొంతులో వేలు పెట్టుకున్నాడు, అది చూసి ఇంకొకడు. ఆడవాళ్లు ఉప్పునీళ్లు కలిపి తెచ్చి పిల్లల నోళ్లలో పోస్తున్నారు. తలెత్తి నన్ను చూసినవాళ్లు లేరు. అందరికీ పోసింది నేనే.

కుల పెద్ద కూర్మయ్య మావ వచ్చాడు. "ఓడ సరుకు. పోలీసులకి తెలిస్తే వల, పడవ పట్టుకుపోతారు. మిగిలిన సీసాలు సముద్రంలో పడెయ్యండి. ఎవులూ సూడనేదు, ఎవులూ తాగనేదు" అన్నాడు. కుర్రాళ్లు సీసాలు ఏరి విసరడం మొదలుపెట్టారు.

నేను గుడికి వెళ్లాను. అమ్మ ముందు కూర్చుంటే రోజూ వచ్చే మాటలు రాలేదు. చేతులు ఊరికే ఉండలేక ఆ సగం సీసా తీసి తిప్పాను. వెనకవైపు, కింద మూలని, గోరంత బొమ్మ ఉంది. పొద్దున్న ఉష వేలు దాని మీద ఉండిపోయిందో ఏమో, చూసుకోలేదు. పొట్టతో ఉన్న ఆడమనిషి బొమ్మ. దాని మీద అడ్డంగా గీత.

ఇంగ్లీషు రాని నాకు కూడా అర్థమయ్యేలా గీశారు.

ఆ సీసా పట్టుకుని ఇంటికి ఎలా నడిచానో తెలియదు. ఉష చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పక్కన వాళ్లత్త జగ్గమ్మ కూర్చుంది. ఈశ్వర్, మీ ఇంటి కప్పు పోయింది గనక మీ అమ్మ మా దగ్గరే ఉంటోంది. ఆమె నావైపు చూసింది. ఉష చిన్న గొంతుతో, "పెద్దత్తా, గుంటడు కదలట్లేదు" అంది.

"ఎప్పట్నించి?"

"తెలీదు. పొద్దున్న కూడా కదిలినట్టు లేదు. ఇప్పుడు ఒత్తినా కదలట్లేదు."

జగ్గమ్మ లేచి నిలబడింది. "నీ సేత్తోనే పోసినావు గదే వదినా. అది ఒద్దంటే పోసినావు. రేపు నా కొడుకు ఒడ్డెక్కి నా పెళ్లామేదీ, నా బిడ్డేదీ అంటే ఏటి సెప్తావు? గంగమ్మని సూపిస్తావేటి?"

సీసా సంచిలో వేసుకున్నాను. సోముల్ని ట్రాక్టరు తెమ్మన్నాను.

ట్రాక్టరు తొట్టెలో గడ్డి పరిచి ఒక పక్క అసిరయ్యని, ఒక పక్క ఉషని పడుకోబెట్టాం. పేట చివర కూర్మయ్య మావ అడ్డం నిలబడ్డాడు. "ఆ సంచిలో ఏటున్నాది మరిడమ్మా?" అన్నాడు.

"సీసా. డాక్టరుకి సూపించాల."

"సూపిస్తే సోములు వల పోతాది. పేట మీదకి పోలీసులొస్తారు. ఏదో తిన్నారని సెప్పు సాలు."

నేను నోరు తెరిచేలోపు సోములు బండి మీంచే అన్నాడు: "వల పోతే మళ్లీ కట్టుకుందుం మావా. ఎల్లాజీ కూతుర్ని ఏటితో కట్టమంటావు? తప్పుకో." మావ తప్పుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో గాని, తన తువ్వాలు తీసి ఎండ పడకుండా ఉష మొహం మీద కప్పాడు.

రోడ్డు సంగతి నువ్వు చూడలేదు, నయమే. రెండు పక్కలా జీడితోటలు వేళ్లతో సహా పైకి లేచి పడున్నాయి. చెట్టు కోసిన చోట మాత్రమే దారి. కుదుపు కుదుపుకీ ఉష పెదవి కొరుక్కుంటోంది. మగత కమ్మేస్తోందేమోనని నాకు భయం. నిద్రపోనివ్వకూడదని సీసా దాని చేతికిచ్చి, "ఇందులో విషమని ఎక్కడన్నా రాసుందేమో సూడు" అన్నాను.

చదివింది. "లేదు."

"మళ్లీ సదువు. అంతా సదువు."

మళ్లీ చదివింది. పొద్దున్న నవ్వుకుంటూ విన్న మాటలే. చల్లటి సముద్రం. తోటల్లోకి వచ్చే మంచు. నిదానంగా పండే నల్లద్రాక్ష. ఆ ద్రాక్ష అక్కడ పుట్టింది కాదట. ఫ్రాన్సు అనే దేశంలో పుట్టిన తీగ. దాని కొమ్మలు కోసి ఓడలెక్కించి, నెలల తరబడి సముద్రం మీద తెచ్చి, ఆ చలి ఒడ్డున నాటారట. బండెక్కిన దగ్గర్నుంచీ నాతో మాట్లాడని జగ్గమ్మ ఆ మాటకి తలెత్తింది.

"కోసిన కొమ్మ ఉప్పుగాలిలో బతికిందేటే?"

"బతికిందంట అత్తా."

"ఎన్ని సచ్చుంటాయో" అని మళ్లీ తల దించుకుంది.

ఎర్రటి ఎండలో ఎవరిదో చలి దేశం గురించి వింటూ కూర్చున్నాను. నా చేతులు చల్లబడిపోయాయి.

పెద్ద రోడ్డు మీద అంబులెన్సు దొరికింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తెచ్చారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మన ఉష కంటే నాలుగేళ్లు పెద్దదుంటుంది. "ఏం తిన్నారు, ఏం తాగారు?" అంది. సోములు నావైపు చూశాడు. నేను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. వలలో రావడం, సాక పోయడం, ఉష వద్దనడం, నేను పొయ్యడం, అన్నీ చెప్పాను. ఆ బొమ్మ మీద వేలు పెట్టి చూపించాను.

ఆవిడ సీసా వెలుతురుకి పట్టి చూసింది. మూత అడుగున తెగిన రింగు చూసింది. వాసన చూసింది. "మూత మీరే తీశారా? గట్టిగా తెగిందా?"

"తెగిందమ్మా. సప్పుడయ్యింది."

"అయితే లోపలికి ఏదీ పోలేదు. ఇది మంచి వైనమ్మా, ఖరీదైనదే. కడుపుతో ఉన్నవాళ్లు తాగకూడదని ఆ బొమ్మ వేస్తారు. ఒక్క చెంచాకి బిడ్డకేమీ అవదు. ఇది విషం కాదు."

అసిరయ్యకి సుగరు. ఆ మాత్రలు వేసుకుని, తుఫాను నాటి నుంచీ సరైన తిండి లేకుండా, ఖాళీ కడుపుతో సీసా మొత్తం తాగేశాడు. సుగరు పడిపోయిందట. గ్లూకోజు ఎక్కించగానే చూపు తిరిగొచ్చింది. లేచి కూర్చుని, "నా పడవ వాటా సీసా ఏదిరా?" అన్నాడు. "సముద్రంలో ఏసీసినారు" అని సోములు చెబితే, "ఓరి మీ పీనుగెల్లా, నేను సచ్చినానని ఎవుడు సెప్పినాడ్రా!" అని తిట్టాడు. నర్సులు నవ్వారు. జగ్గమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకుంది. నేను గోడకి జారబడి అమ్మకి దండం పెట్టుకున్నాను. అంతే, అయిపోయింది అనుకున్నాను.

డాక్టరమ్మ ఉష చేతికి బీపీ పట్టీ చుట్టింది. గాలి కొట్టి చూసింది. మళ్లీ కొట్టింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. దుప్పటి తీసి ఉష కాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. మెత్తటి మట్టిలో వేలు పెట్టినట్టు.

"ఈ వాపు ఎన్నాళ్ల నుంచి ఉంది? తలనొప్పి ఉందా?"

ఉష నావైపు చూసింది. నేను చెప్పాను. నవ్విన సంగతి కూడా చెప్పాను.

బీపీ బాగా పెరిగిపోయిందట. ఏ క్షణాన్నయినా ఫిట్స్ రావచ్చట. బిడ్డ గుండె కొట్టుకుంటోంది గాని నీరసంగా. అందుకే కదలడం లేదు. ఈ రాత్రికే ఆపరేషను చేసి బిడ్డని తియ్యాలి, లేకపోతే ఇద్దరూ దక్కరు అంది. "వైను వల్లనా?" అన్నాను మళ్లీ. "కాదమ్మా. ఇది ఎన్నాళ్లుగానో పెరుగుతోంది. ఆ వైను భయం లేకపోతే మీరు ఇవాళ వచ్చేవారే కాదు" అంది.

సోములు, "సూసినావా అప్పా, తల్లే పంపినాది ఆ సీసా" అన్నాడు. వాడి నమ్మకం వాడిది. నాకు మాత్రం అలా అనడానికి నోరు రాలేదు. లేని విషానికి పొద్దుటి నుంచీ వణికాను. ఉన్న జబ్బు కళ్ల ముందు కాళ్లు చాపుకుని కూర్చుంటే నవ్వాను. అమ్మ సీసా పంపిందో లేదో నాకు తెలియదు. కళ్లు మాత్రం ఎప్పుడో ఇచ్చింది.

సాయంత్రం వరండాలో చేరాం. నేను, సోములు, జగ్గమ్మ. నువ్వు, ఈశ్వర్ సముద్రం మీద. మీ మాట వినే దారి లేదు.

జగ్గమ్మ ముందే అనేసింది. "ఏడో నెల బిడ్డ బతుకుతాడు, తొమ్మిదో నెల బిడ్డ బతుకుతాడు. ఎనిమిదో నెలోడు దక్కడు. మా అమ్మ సెప్పేది, మీ అమ్మా సెప్పేది. వారం ఆగితే తొమ్మిది పడతాది. వారం ఆపలేరేటి ఇంతమంది డాక్టర్లు?"

నాకూ చిన్నప్పటి నుంచీ ఉన్న భయమే అది. ఆ భయం ఇప్పుడు కూడా పోలేదు. కానీ లేచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అన్నీ అడిగాను. సిగ్గుపడలేదు. ఎనిమిదో నెల బిడ్డ బతుకుతాడా? ఏడో నెలవాడి కంటే ఇంకా గట్టిగానే ఉంటాడు అంది. వారం ఆగితే? అంతవరకూ తల్లి ఉండకపోవచ్చు అంది. కోస్తే తల్లికి ప్రమాదం లేదా? ఉంది, ఆగితే అంతకంటే ఉంది. ఇద్దరూ బతుకుతారా? "చూద్దాం అమ్మా, మా ప్రయత్నం మేం చేస్తాం" అంది. ఆ మాట పట్టుకుని నేను వరండాకి తిరిగి రాలేదు. ఉష మంచం దగ్గరికి వెళ్లాను.

"పొద్దున్న నీ మాట వినలేదే. ఇప్పుడు నువ్వేటంటే అదే" అన్నాను.

ఉష నా చెయ్యి పట్టుకుంది. "భయమేస్తన్నాది పెద్దత్తా" అంది. తరవాత, "తీయించెయ్యి. ఆగితే ఇంకా భయమేస్తాది" అంది.

బయటికొచ్చి ఆ మాటే చెప్పాను. నర్సు కాగితం తెచ్చింది. సొంతవాళ్లు సంతకం పెట్టాలట. తండ్రి లేడు, మొగుడు లేడు, నువ్వు పెడతావా అంది. నేను కలం తీసుకున్నాను. ఎల్లాజీ, దాని తల్లి పోయిన నాటి నుంచీ నీ కూతుర్ని పెంచింది ఈ చెయ్యే. పేరు సగం రాసి ఆగిపోయాను.

జగ్గమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంటి దగ్గర నన్ను మాటలతో కోసిన మనిషి. "అమ్మా, నా ఏలు కూడా ఎయ్యి" అని నర్సుకి చెయ్యి చాపింది.

"ఒకరిది చాలమ్మా" అంది నర్సు.

"సాలదు. రేపేటన్నా అయితే దీని తమ్ముడు దీన్నే అంటాడు, నా కొడుకూ దీన్నే అంటాడు. నాను కూడా అనీగలను, నా నోరు నాకు తెలుసు. నా ఏలు దాని మీదుంటే అనలేను. ఎయ్యి."

నర్సు సిరా డబ్బీ తెచ్చింది. నా పేరు కింద ఈశ్వర్ వాళ్లమ్మ వేలిముద్ర పడింది. సోములు లేచొచ్చి దాని పక్కన సంతకం పెట్టాడు. నర్సు కాగితం తీసుకుని లోపలికి వెళ్లింది.

వెంకీ రైలుకి వేళయింది, గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంతవరకే రాయగలను. ఆగకూడదు అని ఈ సాయంత్రం మీ ఇంటివాళ్లం అనుకున్నాం. ముగ్గురం కలిసి అనుకున్నాం, ఉష ఒప్పుకుంది. అనవలసిన మాటేదన్నా ఉంటే ముగ్గుర్నీ అను.

ఇక ఫోను చెయ్యి.

మీ అప్ప,
మరిడమ్మ